ముందు ట్యూబు తీయండి, చక్రం సంగతి తర్వాత

అందరికీ నమస్కారం. ఇక్కడ బల్ల మీద రెండు వస్తువులున్నాయి. ఒకటి 29 అంగుళాల మౌంటెన్ బైక్‌కి వేసే మామూలు ట్యూబు, 200 గ్రాముల పైనే తూగుతుంది. రెండోది 110 మి.లీ. సీలెంట్, అంటే టైరుకి పడ్డ చిల్లుని లోపలి నుంచి మూసే ద్రవం, ఉన్న సీసా. ట్యూబు తీసేసి ఈ సీలెంటూ, రిమ్ము లోపలి రంధ్రాలు మూసే టేపూ, వాల్వూ వేస్తే చక్రానికి సుమారు 80 గ్రాములు తగ్గుతుంది. అదే 80 గ్రాములు రిమ్ములో తగ్గాలంటే ఎంత ఖర్చవుతుందో షాపులో అడిగి చూడండి. అందుకే తేలిక చక్రాలు కొనాలని వచ్చినవాళ్ళకి మేం చెప్పే మొదటి మాట: మీ రిమ్ము ట్యూబ్‌లెస్‌కి పనికొస్తుందేమో ముందు చూసుకోండి.

చూడడం ఎలా? టైరు ఊడదీసి రిమ్ము లోపల వేలు పెట్టండి. నడిమధ్య గాడి, దానికి రెండు పక్కలా చదునైన మెట్టు, మెట్టు చివర సన్నని గట్టు తగలాలి. టైరు అంచు, అంటే బీడ్, ఆ గట్టు దాటి మెట్టు మీద బిగుసుకుంటుంది. మెట్టు లేని పాత రిమ్ముకి టేపు చుట్టి నెట్టుకురావాలని చూడకండి. మలుపులో టైరు పక్కకి ఒరిగి గాలి ఒక్కసారిగా బుస్సుమంటుంది. 1999లో మావిక్ కంపెనీ టైర్ల తయారీదారులతో కలిసి తెచ్చిన యూఎస్‌టీ అనే ట్యూబ్‌లెస్ పద్ధతికి ఈ మెట్టే ప్రాణం.

రిమ్ము పనికిరాకపోతే అప్పుడు కొత్త చక్రాలు. బరువు చూసే ముందు కొలతలు సరిపోవాలి. వెడల్పు హబ్బు పట్టే బూస్ట్ ఫ్రేముకి హబ్బు, అంటే చక్రం నడిమి భాగం, ముందు 110, వెనక 148 మి.మీ. ఉండాలి. పాత ఫ్రేములకి 100, 135 లేదా 142. మీ క్యాసెట్‌లో, అంటే వెనక గేర్ల గుత్తిలో, అతి చిన్న పళ్ళ చక్రానికి 10 పళ్ళుంటే అది వెనక హబ్బు మీది పాత హెచ్‌జీ రకం బాడీ మీద కూర్చోదు, మైక్రో స్ప్లైన్ రకం గానీ ఎక్స్‌డీ రకం గానీ కావాలి. రిమ్ము లోపలి వెడల్పు 2.2, 2.3 అంగుళాల టైర్లకి 25 మి.మీ., 2.4 దాటితే 30.

ఇక బరువు. చక్రం అంచున ఉన్న గ్రాము ముందుకీ కదలాలి, గుండ్రంగానూ తిరగాలి. అందుకే వేగం అందుకునేటప్పుడు ఫ్రేము మీది గ్రాము కన్నా దాదాపు రెట్టింపు శక్తి తీసుకుంటుంది. ఎత్తులో ఒకే వేగంతో ఎక్కేటప్పుడు మాత్రం ఎక్కడున్నా గ్రాము గ్రామే. కాబట్టి డబ్బు పెడితే రిమ్ము మీదా టైరు మీదా పెట్టండి. నిపుల్స్, అంటే స్పోకుని రిమ్ముకి బిగించే చిన్న నట్ల దగ్గర కక్కుర్తి వద్దు. 64 ఇత్తడి నిపుల్స్ బదులు అల్యూమినియంవి వేస్తే మిగిలేది 40 గ్రాములు. టేపు కారి, అమ్మోనియా ఉన్న సీలెంట్ తగిలిందా, అవి తుప్పు తిని స్పోకు బిగించేటప్పుడే విరుగుతాయి. 85 కిలోలు దాటినవాళ్ళు, రాళ్ళ దారిలో తొక్కేవాళ్ళు 32 స్పోకులే తీసుకోండి. బరువు ఎక్కువ పడేది వెనక చక్రం మీదే, తేలిక రిమ్ము ముందుకి వేసుకోవచ్చు.

ఇప్పుడు అసలు పని. రిమ్ముని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, జిడ్డు పూర్తిగా పోనివ్వండి. టేపు రిమ్ము లోపలి వెడల్పు కన్నా 2, 3 మి.మీ. ఎక్కువుండాలి. వాల్వు రంధ్రానికి దూరంగా మొదలుపెట్టి, సాగదీస్తూ, బొటనవేలితో గాడిలోకి అదుముతూ చుట్టండి. చివర ఒక జానెడు ఒకదాని మీద ఒకటి పడాలి. వాల్వు దగ్గర టేపుని కత్తితో కోయకండి, చీలిక పాకుతుంది. కాల్చిన సూదితో పొడవండి. వాల్వు నట్టు చేత్తోనే బిగించాలి. ప్లయర్‌తో బిగిస్తే దారిలో ట్యూబు వేయాల్సొచ్చినప్పుడు ఊడిరాదు.

టైరు అంచులకి సబ్బునీళ్ళు రాసి, వాల్వు కోర్, అంటే వాల్వు లోపల మరతో బిగించే చిన్న ముక్క, తీసేసి, కంప్రెసర్‌తో గాలి కొట్టండి. టప్, టప్ మని రెండు శబ్దాలొస్తే అంచులు కూర్చున్నట్టు. రిమ్ము మీదా టైరు మీదా రాసిన పరిమితుల్లో ఏది తక్కువైతే దాన్ని దాటొద్దు. తర్వాత గాలి వదిలి, వాల్వు గుండా సీలెంట్ పోసి, కోర్ బిగించి మళ్ళీ కొట్టండి.

గాలి దిగుతుంటే సబ్బునీళ్ళు చల్లి చూడండి. చాలామంది పొరబడేది ఇక్కడే. వాల్వు పక్కన బుడగలొస్తే వాల్వుదే తప్పనుకుని దాన్ని నలిపేస్తారు. టేపు ఎక్కడ లీకైనా గాలి రిమ్ము బోలులోకి చేరి వాల్వు రంధ్రం నుంచే బయటికొస్తుంది. స్పోకుల దగ్గర కూడా బుడగలుంటే టేపు మళ్ళీ చుట్టాల్సిందే.

70 కిలోల మనిషికి 2.3 టైరులో ముందు 21, వెనక 24 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి. ట్యూబుతో ఇంత తక్కువ గాలి పెడితే రాయి తగలగానే రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి రెండు చిల్లులు పడతాయి. మన ఎండలకి సీలెంట్ త్వరగా ఎండిపోతుంది, రెండు నెలలకోసారి చూసి పోయండి.

అమెరికా సైక్లిస్టులు గోట్‌హెడ్ అని భయపడే ముల్లు మన పల్లేరే. పల్లేరునీ, సర్కారు తుమ్మనీ సీలెంట్ మూసేస్తుంది, కానీ ముల్లు టైరులోనే ఉండిపోతుంది. పెద్ద చీలిక పడి దారిలో ట్యూబు వేయాల్సొస్తే ముందు టైరు లోపల మెల్లగా చేయి తిప్పి, తగిలిన ప్రతి ముల్లూ లాగేయండి. లేకపోతే కొత్త ట్యూబు అక్కడికక్కడే పోతుంది.

టేపు చుట్టి చూపిస్తాం. ముందు వరుసలోంచి ఒకరొచ్చి ఈ రిమ్ము పట్టుకోండి.