ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు?

శ్రోతలకు నమస్కారం.

మానవ హక్కులు అనే మాట వినగానే చాలామందికి పెద్ద పెద్ద సభలు, తీర్మానాలు గుర్తొస్తాయి. అవేవో పైవాళ్ల వ్యవహారాలు, మనదాకా ఎందుకు వస్తాయిలే అనిపిస్తుంది. నాకున్న సమయం పది నిమిషాలు. అందుకని హక్కులన్నీ ఏకరువు పెట్టను. ఒక మనిషి కథ చెబుతాను. అతని పేరు జేమ్స్ సోమర్సెట్. ఇది జరిగి రెండున్నర శతాబ్దాలు దాటింది. అయినా హక్కు అంటే ఏమిటో, అది ఎలా పనిచేస్తుందో ఇంత సూటిగా చెప్పే ఉదంతం నాకు ఇంకోటి తెలియదు.

సోమర్సెట్ ఆఫ్రికాలో పుట్టాడు. చిన్నతనంలోనే బానిసల వ్యాపారుల చేతిలో పడ్డాడు. 1749లో అమెరికాలోని వర్జీనియాలో చార్లెస్ స్టూవర్ట్ అనే వ్యాపారి అతన్ని కొన్నాడు. తర్వాత్తర్వాత ఈ స్టూవర్ట్ కస్టమ్స్ శాఖలో పెద్ద ఉద్యోగి అయ్యాడు. 1769లో లండన్‌కు వస్తూ సోమర్సెట్‌ను వెంట తెచ్చుకున్నాడు. అక్కడ సోమర్సెట్‌కు నలుగురితో పరిచయాలయ్యాయి. 1771లో చర్చిలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ రోజు ముగ్గురు అతనికి జ్ఞాన తల్లిదండ్రులుగా, అంటే బాప్తిస్మంలో అతని తరఫున నిలిచే పెద్దలుగా, నిలబడ్డారు. ఆ ముగ్గురినీ గుర్తుపెట్టుకోండి. కథంతా వాళ్ల మీదే ఆధారపడి ఉంది.

అదే ఏడాది అక్టోబరులో సోమర్సెట్ యజమాని ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. దాదాపు రెండు నెలలు స్వేచ్ఛగా బతికాడు. నవంబరు 26న స్టూవర్ట్ మనుషులు అతన్ని పట్టుకున్నారు. థేమ్స్ నదిలో నిలిచి ఉన్న ఓ ఓడలోకి ఎక్కించి సంకెళ్లు వేశారు. ఓడ జమైకాకు వెళ్లాల్సి ఉంది. అక్కడ అతన్ని అమ్మేయాలన్నది ఏర్పాటు. జమైకాలో చెరకు తోటల్లోకి అమ్ముడుపోవడమంటే ఏమిటో అప్పట్లో అందరికీ తెలుసు. ఓడ కదిలిందంటే ఇక అతని ఊసు ఎవరికీ తెలియదు.

ఓడ కదల్లేదు. ఆ జ్ఞాన తల్లిదండ్రులు ముగ్గురూ కోర్టుకు వెళ్లారు. వాళ్ల దగ్గర పలుకుబడి లేదు. వాళ్లు అడిగింది ఒక్కటే: మా మనిషిని బంధించారు, ఎవరు బంధించారో, ఎందుకు బంధించారో, ఏ అధికారంతో బంధించారో చెప్పించండి. దీన్నే హెబియస్ కార్పస్ పిటిషన్ అంటారు. మనిషిని తీసుకొచ్చి నా ఎదుట నిలబెట్టు, అతన్ని ఎందుకు పట్టి ఉంచావో కారణం చెప్పు అని కోర్టు ఆజ్ఞ ఇస్తుంది. ప్రధాన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఆ ఆజ్ఞ ఇచ్చారు. డిసెంబరు 9న ఓడ కెప్టెన్ సోమర్సెట్‌ను కోర్టుకు తీసుకురాక తప్పలేదు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. అప్పటికింకా తీర్పు రాలేదు. సోమర్సెట్ గెలుస్తాడో లేదో ఎవరికీ తెలియదు. అయినా అప్పుడే ఒక పెద్ద విషయం జరిగిపోయింది. నిన్నటిదాకా ఆ కెప్టెన్ దృష్టిలో సోమర్సెట్ ఒక సరుకు. సరుకును ఎందుకు ఎక్కించావని ఎవరూ అడగరు. ఇప్పుడు అడిగారు. అడిగేసరికి జవాబు చెప్పాల్సి వచ్చింది. ఒక మనిషి మీద చెయ్యి వేసినవాడు, ఎంత పెద్దవాడైనా సరే, కారణం చెప్పి తీరాలి. మానవ హక్కు అంటే నా లెక్కలో ముందుగా ఇదే.

కేసు తేలేదాకా సోమర్సెట్‌ను పూచీకత్తు మీద వదిలారు. 1772 జనవరిలో అతను గ్రాన్‌విల్ షార్ప్ అనే ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లాడు. షార్ప్ లాయరు కాడు, ప్రభుత్వ ఆయుధాల శాఖలో గుమాస్తా. కొన్నేళ్ల కిందట, 1765లో, యజమాని చావబాది వీధిలోకి తరిమేసిన జొనాథన్ స్ట్రాంగ్ అనే నల్లజాతి కుర్రాడు ఆయన కంటబడ్డాడు. అతనికి వైద్యం చేయించాడు. కోలుకున్నాక ఆ యజమానే అతన్ని మళ్లీ అమ్మబోతే అడ్డుపడ్డాడు. చట్టం నీ పక్షాన లేదని పేరున్న లాయర్లు చెబితే, ఆ చట్టమేదో నేనే చూస్తానని పుస్తకాలు ముందేసుకుని సొంతంగా చదివాడు. ఆఫీసు పని ఒకవైపు, ఈ చదువు ఒకవైపు. సోమర్సెట్ వచ్చేనాటికి ఆ చదువు అక్కరకొచ్చింది.

సోమర్సెట్ తరఫున ఐదుగురు లాయర్లు వాదించారు. అందులో ఫ్రాన్సిస్ హార్‌గ్రేవ్ అనే యువకుడికి కోర్టులో అదే తొలి వాదన. అవతలి పక్షానికి వెస్టిండీస్ తోటల వ్యాపారుల అండ ఉంది. వాళ్ల భయమంతా డబ్బు గురించే. న్యాయమూర్తి కూడా ఆ లెక్క వేశారు. ఇంగ్లండ్‌లో 14,000 నుంచి 15,000 మంది బానిసలు ఉంటారని, తలకు 50 పౌండ్ల చొప్పున చూసుకున్నా యజమానులకు 7 లక్షల పౌండ్లకు పైగా నష్టమని కోర్టులోనే అన్నారు. తీర్పు దాకా తెచ్చుకోకుండా సోమర్సెట్‌ను మీరే వదిలేస్తే గొడవ ముగుస్తుంది కదా అని స్టూవర్ట్‌కు సూచించారు కూడా. జడ్జిగారి టెన్షన్ అర్థమవుతూనే ఉంది. ఎవరూ వెనక్కి తగ్గలేదు.

1772 జూన్ 22న తీర్పు వచ్చింది. బానిసత్వం ఎంత హేయమైనదంటే, దాన్ని నిలబెట్టడానికి స్పష్టంగా రాసిన చట్టమైనా ఉండాలి, అలాంటిదేమీ ఇక్కడ లేదు, కాబట్టి ఇతన్ని విడిచిపెట్టాల్సిందే అన్నారు మాన్స్‌ఫీల్డ్. తీర్పు వినడానికి వచ్చిన నల్లజాతి వాళ్లు లేచి న్యాయమూర్తులకు నమస్కరించారు. ఆ రోజే సోమర్సెట్ స్వయంగా షార్ప్ దగ్గరికి వెళ్లి, మనం గెలిచాం అని చెప్పాడు.

ఇక్కడితో ఆపేస్తే కథ చాలా బాగుంటుంది. కానీ మీకు మిగతాది కూడా చెప్పాలి. ఆ తీర్పు ఒక్క సోమర్సెట్ గురించి. బ్రిటిష్ వలసల్లోని తోటల్లో ఉన్న లక్షలమందికి అది అందలేదు. బానిసల వ్యాపారాన్ని బ్రిటన్ నిషేధించింది 1807లో. వలసల్లో బానిసత్వాన్ని రద్దుచేస్తూ చట్టం తెచ్చింది 1833లో. అంటే ఆ తీర్పు వచ్చాక ఇంకో అరవై ఏళ్లు పట్టింది. ఆ అరవై ఏళ్లలో సంకెళ్లలోనే పుట్టి, సంకెళ్లలోనే పోయినవాళ్లు ఎందరో. ఒక్క కేసు గెలిస్తే లోకం మారిపోతుందని నేను చెప్పను. అయితే ఆ ఒక్క కేసు లేకపోతే తర్వాతి వాళ్లకు చూపించుకోవడానికి ఏమీ ఉండేది కాదని మాత్రం గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు ఒక్కసారి 1948కి వద్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో ఏం జరిగిందో మీకు తెలుసు. మనుషుల్ని ఫలానా జాతి అని, ఫలానా మతమని జాబితాలు రాసి, రైళ్లలో ఎక్కించి చంపేశారు. ఘోరం ఏమిటంటే, అది చాలావరకు అప్పటి అక్కడి చట్టాల అండతోనే జరిగింది. అందుకే చట్టం ఉంటే చాలదని, ఏ చట్టమూ దాటకూడని గీత ఒకటి గీయాలని దేశాలకు తెలిసొచ్చింది. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్య సమితి పారిస్‌లో విశ్వజనీన మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. అనుకూలంగా 48 దేశాలు ఓటేశాయి. ఎనిమిది దేశాలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. వ్యతిరేకంగా ఒక్క ఓటూ లేదు. అందులో 30 అధికరణాలున్నాయి. ప్రాణం, స్వేచ్ఛ, చదువు, పని, మాట్లాడే హక్కు, నచ్చిన మతాన్ని నమ్మే హక్కు అన్నీ ఉన్నాయి. బానిసత్వం కూడదని నాలుగోది, చిత్రహింసలు కూడదని ఐదోది చెబుతాయి. ఎవరినీ ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకూడదని తొమ్మిదోది చెబుతుంది.

ఆ తొమ్మిదోది చదివినప్పుడల్లా నాకు థేమ్స్ నదిలో ఆ ఓడే గుర్తొస్తుంది. తర్వాత 1966లో వచ్చిన పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక దీన్ని ఇంకా విప్పి చెప్పింది. అరెస్టు చేస్తే ఎందుకో అప్పుడే చెప్పాలి. నేరం మోపితే త్వరగా జడ్జి ముందు హాజరుపరచాలి. పట్టి ఉంచడం చట్టబద్ధమో కాదో తేల్చమని కోర్టును అడిగే హక్కు ఆ మనిషికి ఉండాలి. దీని మీద సంతకం చేసి ఒప్పుకున్న దేశాలు దీనికి కట్టుబడి ఉండాలి. అత్యవసర పరిస్థితి వచ్చినప్పుడు కొన్ని హక్కుల్ని కొంతకాలం తగ్గించవచ్చని అందులోనే ఉంది. కానీ చిత్రహింసలకు, బానిసత్వానికి ఎంత అత్యవసరమైనా మినహాయింపు లేదు.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు. ఈ హక్కులన్నీ తప్పు చేసినవాళ్లను కాపాడటానికేగా, మాలాంటి మామూలు వాళ్లకు వీటితో పనేముంది అని. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. నేరం వల్ల నష్టపోయినవాళ్లు అలా అంటే అందులో బాధ ఉంది. అయితే ఒక్క సంగతి ఆలోచించండి. తప్పు చేశాడో లేదో తేల్చేది ఎవరు? విచారణ. కారణం చెప్పకుండా, జడ్జికి చూపించకుండా మనిషిని దాచేస్తే విచారణే లేదు. అప్పుడు దొంగకూ, దొంగ అని పొరబడి పట్టుకొచ్చిన మనిషికీ తేడా ఎక్కడ తెలుస్తుంది? నష్టపోయినవాళ్లకు కూడా అసలు దోషి దొరకడు.

ఇంకో సంగతి. హక్కుల గురించి మాట్లాడేవాళ్లం చట్టాల పేర్లు ఎక్కువ చెబుతాం, సాక్షుల గురించి తక్కువ చెబుతాం. సోమర్సెట్‌కు ఆ ముగ్గురు లేకపోతే హెబియస్ కార్పస్ అనే చట్టం పుస్తకంలోనే ఉండిపోయేది. అతను కనిపించడం లేదని గమనించినవాళ్లు ఉన్నారు కాబట్టే అది పనిచేసింది. మనిషిని మాయం చేసేవాళ్లు మొదట చేసేది ఇదే, అతని గురించి అడిగేవాళ్లు లేకుండా చూసుకోవడం. ఈ రకంగా మనుషుల్ని మాయం చేయడానికి వ్యతిరేకంగా ఐక్యరాజ్య సమితి 2006లో ప్రత్యేకంగా ఒక ఒప్పందమే తెచ్చింది. ఎవరినీ రహస్యంగా బంధించి ఉంచకూడదని అందులో ఉంది.

కాబట్టి మిగిలిన ఈ రెండు నిమిషాల్లో ఒకే ఒక్క పని చెబుతాను. మీకు తెలిసినవాళ్లను ఎవరైనా పట్టుకెళితే, అది పోలీసులు కావచ్చు, ఇంకెవరైనా కావచ్చు, గొడవకు దిగకండి. మర్యాదగానే అడగండి. ఎవరు తీసుకెళ్తున్నారు? ఎందుకు? ఎక్కడికి? ఏ అధికారంతో? కాగితం ఉంటే చూపించమనండి. జవాబు చెప్పకపోయినా అడగండి. చెప్పలేదన్న సంగతి కూడా రేపు కోర్టులో పనికొస్తుంది.

తర్వాత వెంటనే కూర్చుని రాయండి. గంటలు గడిచేకొద్దీ జ్ఞాపకం చెదిరిపోతుంది. తేదీ, టైము, చోటు, వచ్చినవాళ్లు ఎంతమంది, యూనిఫాంలో ఉన్నారా లేదా, పేరు బ్యాడ్జీలు కనిపించాయా, వాహనం నంబరు ఏమిటి, పక్కన ఇంకెవరు చూశారు. తెలిసింది తెలిసినట్టు రాయండి, తెలియనిది ఊహించి రాయకండి. కింద మీ పేరు రాసి సంతకం పెట్టండి. దాని ఫొటో తీసి ఇంకొకరికి పంపండి, ఒక్కరి దగ్గరే ఉంచుకోవద్దు. అప్పుడు లాయరు దగ్గరికి గానీ, ఉచిత న్యాయ సహాయం ఇచ్చేవాళ్ల దగ్గరికి గానీ వెళ్లండి. లోపల ఉన్న మనిషితో మాట్లాడే వీలు దొరికితే, చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దని చెప్పండి. ఒంటి మీద దెబ్బలుంటే డాక్టరుకు చూపించమని జడ్జినే నేరుగా అడగమనండి.

సెలవు.