తొలిసారి మన హోటలు భోజనం: అతిథికి ఏది ముందు, ఏది తరువాత?

[దృశ్యం: మధ్యాహ్నం, విజయవాడ గవర్నరుపేటలో ఒక భోజన హోటలు. సర్వరు అరిటాకుపై నీళ్లు చల్లుతున్నాడు.]

వ్యాఖ్యాత: విదేశం నుంచి వచ్చిన సహోద్యోగిని మొదటిసారి విజయవాడలో భోజనానికి తీసుకువెళ్లినప్పుడు మనవాళ్లు సాధారణంగా రెండు పనులలో ఒకటి చేస్తారు. కారం తట్టుకోలేడని బటర్ చికెన్, నాన్ తెప్పించి ఊరుకుంటారు, లేదా మన ఘనత చూపించాలన్న ఉత్సాహంతో మొదటి ముద్దలోనే ఆవకాయ కలిపిస్తారు. దేశ విభజన తరువాత ఢిల్లీ హోటళ్లలో పేరు తెచ్చుకున్న కూరను తినడానికి కృష్ణ ఒడ్డు దాకా రానక్కరలేదు. రెండవ పని అంతకంటే ప్రమాదకరం. ఆ తరువాత ఏది వడ్డించినా అతిథి నాలుకకు రుచి తెలియదు.

[దృశ్యం: నిలువునా చీల్చిన మిరపకాయ, దగ్గరగా. గింజలు అంటుకొని ఉన్న తెల్లటి పొర.]

వ్యాఖ్యాత: మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ గింజలలో ఉంటుందని చాలామంది అనుకుంటారు గాని, అది ఎక్కువగా ఉండేది ఈ తెల్లటి పొరలోనే. వేడిని పసిగట్టే నాడీ గ్రాహకాన్ని అది తట్టి లేపుతుంది కాబట్టి నోరు కాలకపోయినా కాలినట్లే అనిపిస్తుంది. ఈ గ్రాహకాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని మరొక శాస్త్రవేత్తతో కలిసి అందుకున్నారు. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి కూడా అదే గ్రాహకం స్పందిస్తుంది గనుక, పొగలు కక్కే అన్నంలో కలిపిన గుంటూరు కారం మరింత మండుతుంది. కొత్తవారికి అన్నం కాస్త ఆరనివ్వాలి. క్యాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు. పాలు, పెరుగులలో ఉండే కేసిన్ అనే మాంసకృత్తు దానిని పట్టుకొని మంటను తగ్గిస్తుంది. అందువల్ల పెరుగు చివరన వేసుకోవాలన్న మన వరసను ఆ పూటకు పక్కనపెట్టి, ఒక కప్పు పెరుగును ముందే తెప్పించి ఆకు పక్కన ఉంచండి.

[దృశ్యం: ముద్దపప్పు మీద పడుతున్న నెయ్యి.]

వ్యాఖ్యాత: మొదట ముద్దపప్పు, నెయ్యి కలిపిన అన్నం పెట్టించండి. ఆ తరువాత దొండకాయ వేపుడు. గోంగూర పచ్చడిని ఉసిరికాయంత తీసుకొని, నెయ్యి వేసి కలిపి, పచ్చి ఉల్లిపాయ ముక్కతో అందిస్తే దాని పులుపే ముందుగా తెలుస్తుంది. ఆవకాయను పప్పన్నంలో నంజుకోమని చెప్పాలి. అందులోని ఆవపిండి ఘాటు ముక్కుకెక్కి కొన్ని క్షణాలలో దిగిపోతుంది, మిరప మంట మాత్రం నోట్లో నిలిచి ఉంటుంది. ఈ తేడాను ముందుగా చెబితే అతిథి కంగారుపడడు. చేత్తో తినమని బలవంతం చేయవద్దు, చెంచా అడిగితే ఇప్పించండి.

[దృశ్యం: వంటగది. పొయ్యి మీద బాణలి, పక్కన మసాలా పట్టించిన కోడి ముక్కలు.]

వ్యాఖ్యాత: "కారం తక్కువ వేయండి" అని మనం చెప్పే మాట ఎంతవరకు పనిచేస్తుందో కూడా తెలుసుకోవాలి. చాలా రెస్టారెంట్లు ఉల్లిపాయ, టమాటా గ్రేవీని ముందే వండి ఉంచుకొని, ఆర్డరు వచ్చాక దానికి మసాలా కలిపి కూరను పూర్తి చేస్తాయి. అటువంటి కూరలో కారం తగ్గించడం వంటవారి చేతిలో పని. మసాలా ముందే పట్టించిన కోడి వేపుడులోనో, పొద్దున్నే కాచిన పులుసులోనో, రోటి పచ్చడిలోనో వారు చేయగలిగింది ఏమీ లేదు. సర్వరు మర్యాద కోసం "అలాగే సార్" అన్నంత మాత్రాన అవి మారవు.

కారం కంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. అతిథికి వేరుశనగ గాని, జీడిపప్పు గాని, నువ్వులు గాని పడవేమో ఆర్డరు ఇవ్వకముందే కనుక్కోండి. చిక్కటి గ్రేవీలలో జీడిపప్పు ముద్ద, గుత్తివంకాయ కూరలో పల్లీలు, నువ్వులు కంటికి కనిపించకుండా కలిసిపోయి ఉంటాయి. బిర్యానీ తెప్పించినట్లయితే లవంగం, యాలక్కాయ, బిర్యానీ ఆకు నమలవలసినవి కావని, ఏరి పక్కన పెట్టవచ్చని మొదటి ముద్దకు ముందే చెప్పండి.