పాత రాడ్ బ్రేకు సైకిల్ బాగుచేద్దాం: కాటర్ పిన్ను, గ్రీజు, మొత్తం ఖర్చు

నమస్కారం. ఇదిగో, స్టాండు మీద ఉన్న ఇదే మన సైకిల్. 22 అంగుళాల ఫ్రేము, వైరు బదులు ఇనుప కడ్డీలతో లాగే రాడ్ బ్రేకులు, వెనక క్యారేజీ. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక పాత ఇనుప కొట్టులో 1,200 రూపాయలకు తీసుకున్నాను. కొనేముందు నేను చూసేవి రెండే. ఫ్రేము గొట్టాలు కలిసే చోట చీలిక ఉందా? ముందు ఫోర్కు వంగిందా? దగ్గరగా చూపిస్తాను, ఇక్కడ, హ్యాండిల్ కింద. శుభ్రంగా ఉంది చూశారా. మిగతా ఏ భాగమైనా మార్చుకోవచ్చు. ఇక్కడ చీలితే మాత్రం ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

చక్రాలు ఇప్పుడే విప్పకండి. ముందు కాటర్ పిన్నులు. పెడలు తగిలించే చేతిని, అంటే క్రాంకును, మధ్య ఇరుసుకు పట్టి ఉంచేది ఈ చిన్న పిన్నే. దీని దగ్గర కాస్త నిదానంగా వెళదాం, ఎందుకంటే సైకిళ్లు పాడయ్యేది ఇక్కడే. రాత్రే తుప్పు వదిలించే నూనె వేసి ఉంచాను. ఇప్పుడు నట్టు వదులు చేస్తున్నాను. పూర్తిగా తీయను, చూడండి, నట్టు అంచు, పిన్ను కొస సమానంగా వచ్చేవరకే. సమానంగా, అంతే. అప్పుడు సుత్తి దెబ్బ మరలు మీద పడదు. తర్వాత ఈ ఇనుప గొట్టం ముక్క. దీన్ని నేల మీద నిలబెట్టి, క్రాంకుకు కింద ఆనించాలి. పిన్ను తల గొట్టం రంధ్రంలోకి దిగాలి. ఈ ఆధారం లేకుండా కొడితే దెబ్బంతా ఇరుసు తిరిగే లోపలి ఇనుప గుళ్లు, అదే బాల్స్ మీదకు, అవి కూర్చునే కప్పుల మీదకు పోతుంది. చిన్న సుత్తితో టకటకా కొట్టకండి, పిన్ను కొస పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, ఇక రాదు. బరువైన సుత్తి, నిటారుగా, ఒక్క దెబ్బ. ఇలా... కదిలింది. రెండో వైపూ అంతే.

ఇప్పుడు తిరగేద్దాం, సీటు కింద గోనెసంచి వేసి. చక్రాలు, చైను, మడ్‌గార్డులు... ఇవి మీకు తెలిసినవే, చూస్తూ ఉండండి. విప్పే ముందు ప్రతిచోటా ఫోనులో ఒక ఫోటో తీయండి, వాషర్ల వరస తర్వాత గుర్తుండదు. తిప్పి సర్దుకునే స్పానర్ కంటే నాకు రింగు స్పానరే ఇష్టం, నట్టు మూలలు అరగవు. ఎడమ పెడలు మాత్రం గుర్తుంచుకోండి, దానికి మరలు తిరగబడి ఉంటాయి. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది.

బాల్స్ పడిపోకుండా పాత స్పీకర్ అయస్కాంతం ఒకటి పళ్లెం కింద పెడతాను, చాలా సుఖం. అన్నీ డీజిల్‌లో కడగాలి. దగ్గర్లో పొయ్యి, బీడీ ఏవీ వద్దు. క్రాంకు ఇరుసుకు ఒక్కో వైపు పావు అంగుళం బాల్స్ 11. నేను పాతవి తిరిగి వాడను, అన్నీ కొత్తవే వేస్తాను. కప్పు నిండా గ్రీజు. బిగించాక ఇరుసు వేలితో తిప్పితే తిరగాలి, ఊపితే ఊగకూడదు.

కాటర్ పిన్నులు మళ్లీ వేసేటప్పుడు ఒక లెక్క ఉంది. కుడి క్రాంకు ముందుకు తిప్పితే నట్టు పైన ఉంది కదా? ఎడమ క్రాంకు ముందుకు తెచ్చినా నట్టు పైనే ఉండాలి. అలా లేకపోతే రెండు పెడళ్లూ ఒక వరసలో ఉండవు, తొక్కుతుంటే కాలికి తెలుస్తుంది. మళ్లీ గొట్టం ఆనించి, సుత్తితో లోపలికి దించాకే నట్టు బిగించండి. నట్టుతో లాగి దించకండి, మరలు పోతాయి. కొత్త పిన్ను కొనేటప్పుడు పాతది జేబులో వేసుకుని వెళ్లండి, మందంలో తేడాలుంటాయి.

టైర్లు 28 బై ఒకటిన్నర, పక్కనే అచ్చు వేసి ఉంటుంది. మన విజయవాడ ఎండకు ఏళ్లపాటు బయట నిలిచిన రబ్బరు బీటలు వారుతుంది కాబట్టి పాత టైరు ఎంత నల్లగా కనిపించినా మార్చేయండి. చక్రాల బెండు, అంటే వంకర, షాపులోనే తీయించాను.

రంగు వేయించలేదు. పక్కన సన్నటి బంగారు గీతలు చూడండి, చెరిపేయడానికి మనసు రాదు. ఆ డబ్బు తిరిగే భాగాలకు పెడితే తొక్కినప్పుడల్లా దాని విలువ తెలుస్తుంది. రిమ్ము మీది పైపై తుప్పుకు అల్యూమినియం రేకు ఉండ చేసి, నీళ్లలో ముంచి రుద్దండి. ఇదిగో, మెరుపు చూడండి.

ఇక ఖర్చు. సైకిల్ 1,200. టైర్లు రెండు 640, ట్యూబులు 260. చైను 180, ఫ్రీవీలు, అంటే వెనక చక్రం పళ్ల గేరు, 160. పిన్నులు, బాల్స్ కలిపి 110. బ్రేకు రబ్బర్లు 60. బెండు తీయించినందుకు, రెండు మూడు చక్రం పుల్లలకు 200. గ్రీజు, నూనె, డీజిల్ 240. మొత్తం 3,050 రూపాయలు. నా కూలి వేయలేదు. మీ ఊళ్లో ధరలు కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

వారం తొక్కాక కాటర్ నట్లు ఇంకోసారి బిగించండి, పిన్ను సర్దుకుని కాస్త వదులవుతుంది. ఆ ఒక్కటీ మరచిపోకండి.