టేబుల్ మీద అయిదు, జేబులో ఒకటి

నమస్కారం అండీ. టేబుల్ మీద అయిదు మడత చాకులున్నాయి, చూస్తున్నారుగా. ఆరోది నా జేబులో ఉంది. అదేంటో తర్వాత తీసి చూపిస్తాను. ముందు ఈ అయిదూ జేబులోకి ఎందుకు వెళ్ళలేదో చెప్పాలి. ఎందుకంటే, నిజం చెప్పాలంటే, వీటిలో నాలుగు నా జేబులో ఉన్నదానికంటే మంచి చాకులే.

ఏది కొనాలో తేల్చే వీడియో కాదిది. రోజూ వెంట తిప్పుకునే చాకు విషయంలో నా ఇష్టాయిష్టాలు చెబుతున్నా, అంతే. నాది ఎడమచేతి వాటం. చేతులు చిన్నవి. పనులు కూడా చిన్నవే. ఒక నెల రోజులు, చాకు తీసిన ప్రతిసారీ దేనికి తీశానో కాగితం మీద గీత పెట్టుకున్నాను. అట్టపెట్టెలు, టేపులు కలిపి సగానికి పైగా. తర్వాత తాడు, స్క్రూలు, ప్లాస్టిక్ పట్టీలు, కొత్త బట్టల ట్యాగులు, పెన్సిళ్ళు. ఒకసారి కాల్లో దిగిన ముల్లు. అడవిలో గుడిసె కట్టడం, ఎలుగుబంటితో పోరాటం, వీటికి ఒక్క గీత కూడా పడలేదు. చాకుల ప్రకటనలు చూస్తే మాత్రం మనందరికీ రోజూ అదే పని అనిపిస్తుంది.

సరే, మొదటిది. బక్ 110. 1964లో వచ్చింది. వీపు మీద లాక్ ఉండే మడత చాకు అనగానే చాలామంది కళ్ళ ముందు మెదిలేది ఇదే. ఇత్తడి, చెక్క, లోపల దిట్టమైన బ్లేడు. తెరుస్తాను, వినండి... ఆ 'టక్' శబ్దం! దాని కోసమే రోజుకి పదిసార్లు తెరవాలనిపిస్తుంది. కానీ బరువు 200 గ్రాములు దాటుతుంది. అంటే జేబులో ఇంకో ఫోను వేసుకున్నట్టే. ఇంట్లో వేసుకునే వదులు ప్యాంటులో ఇది వేసుకుని నాలుగు అడుగులు వేస్తే, ఒక చెయ్యి నడుము దగ్గరే ఉంచుకోవాలి. మామూలుగా దీన్ని బెల్టుకి తగిలించే ఒరతో ఇస్తారు. ఇది జేబు కోసం కాదని చేసినవాళ్ళే చెబుతున్నారన్నమాట. నేను వినకుండా రెండు నెలలు జేబులో మోశాను. ఆ తర్వాత అది సొరుగులోకి వెళ్ళింది. సొరుగులో ఉన్న చాకు ఎంత గొప్పదైతే ఏం, పార్శిల్ గుమ్మం దగ్గర ఉంటే నేను తాళంచెవితో టేపు పీకుతున్నాను.

దీని పక్కన బెంచ్‌మేడ్ బగౌట్. 52 గ్రాములు. బ్లేడు 3.24 అంగుళాలు, అంటే 8 సెంటీమీటర్ల పైనే. బక్ కంటే కాస్తే పొట్టి, బరువు మాత్రం నాలుగో వంతు. ఒకరోజు ఇది కనపడక ఇల్లంతా వెతికాను. సోఫా దిళ్ళు కూడా ఎత్తి చూశాను. చివరికి నా జేబులోనే ఉంది. జేబు చాకుకి నేనిచ్చే పెద్ద కితాబు అదే. నా వరకు 70 గ్రాములు దాటితే జేబు గుర్తుచేస్తూనే ఉంటుంది. మీ ప్యాంట్లు, మీ లెక్క వేరే కావచ్చు.

మరి అంత తేలికైనదాన్ని ఎందుకు పక్కన పెట్టావంటారా? క్లిప్. దీనికనే కాదు, ఏ చాకు క్లిప్ అయినా నాకు పడదు. జేబు అంచుకి క్లిప్ తగిలించుకుంటే చెయ్యి వెయ్యగానే చాకు అందుతుంది, ఒప్పుకుంటాను. కానీ అదే జేబులోకి తాళాలు, ఫోను కోసం రోజుకి ఇరవైసార్లు చెయ్యి పెడతాం. పెట్టిన ప్రతిసారీ ముంజేతికి గీసుకుంటుంది. కుర్చీ చేతులకీ కారు సీటుకీ గీతలు పడతాయి. పైగా అది బయటికి కనిపిస్తూ ఉంటే 'ఇతని దగ్గర కత్తి ఉంది' అని నలుగురికీ చెప్పుకుని తిరిగినట్టు ఉంటుంది నాకు. క్లిప్ స్క్రూలు తీసి పక్కన పెట్టేయొచ్చు. తీసేసి కూడా చూశాను. జేబు అడుగున అడ్డంగా పడిపోయింది. సరైన చాకు, తప్పు మనిషి.

ఇప్పుడు కోత దగ్గరికి వద్దాం. ఈ వీడియోలో నాకు నిజంగా ఇష్టమైన భాగం ఇదే.

ఈ రెండూ చూడండి. ఎడమవైపున్నది ఓపినెల్ నంబర్ 8. ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఓపినెల్ 1890లో మొదలుపెట్టిన చాకు. బ్లేడు 8.5 సెంటీమీటర్లు. కుడివైపున్నదాని పేరు చెప్పను, కారణం కాసేపట్లో మీకే తెలుస్తుంది. నల్లటి పూత, వెడల్పాటి బ్లేడు, చూడ్డానికి యుద్ధానికి బయల్దేరినట్టు ఉంటుంది. రెండింటినీ నిన్న రాత్రి ఒకే సానరాయి మీద, ఒకే కోణంలో నూరాను. కాగితం రెండూ ఒకేలా కోస్తున్నాయి, ఇదిగో... ఇదిగో. తేడా ఏమీ లేదు కదా?

ఇప్పుడు మందపాటి అట్ట. కెమెరా కొంచెం కిందికి దించుతాను. ముందు నల్లది. మొదట్లో బాగానే దిగుతోంది... ఇక్కడ, ఈ వేలెడు లోతుకి వచ్చేసరికి చూడండి, అట్ట రెండు వైపులా ఉబ్బుతోంది. కోయడం ఆగిపోయి చీల్చడం మొదలైంది. శబ్దం కూడా మారింది, బరబరమంటోంది. నా భుజం నుంచి బలం పెట్టాల్సి వస్తోంది. ఇప్పుడు ఓపినెల్. అదే అట్ట, అదే పొడవు. సర్రున ఒకే శబ్దం, చివరిదాకా. కోసిన అంచు చూడండి, లోపలి అలల కాగితం కూడా నలగలేదు.

పదును ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడిది? మందంలో. నల్లదాని వీపు 4 మిల్లీమీటర్లు. ఓపినెల్‌ది 2 కూడా ఉండదు. ఇంకా ముఖ్యమైంది, వాదర, అంటే కోసే అంచు, దాని వెనకాల లోహం ఎంత మందం ఉందన్నది. కాగితాన్ని కోసేది వాదర ఒక్కటే. అట్ట లాంటి మందపాటి వస్తువులో వాదర వెనక బ్లేడు మొత్తం దూరి వెళ్ళాలి. అక్కడ మందం ఉంటే అది చాకు కాదు, దుంగలో దిగ్గొట్టిన మేకు లాంటిదే. ఆ దిట్టం ఎందుకంటే, బ్లేడుతో ఎగదోసినా మెలిపెట్టినా విరగకూడదని. నేను చాకుతో డబ్బా మూతలు ఎగదోయను, దానికి స్క్రూడ్రైవర్ ఉంది. కాబట్టి ఆ బలం కోసం రోజూ కోతని వదులుకోవడం నాకు నచ్చలేదు.

ఇక ఉక్కు. దీని మీద నేను ఎక్కువ మాట్లాడను, మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. డీ2 ఉక్కు ఉందనుకోండి. అందులో క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది. అయినా తుప్పు పడుతుంది. ఆ క్రోమియంలో మంచి భాగం కార్బన్‌తో కలిసి గట్టి రేణువులుగా మారిపోతుంది. తుప్పుని ఆపడానికి మిగిలేది తక్కువ. ఆ రేణువుల వల్లే పదును ఎక్కువకాలం నిలుస్తుంది, వాటి వల్లే నూరడమూ కష్టం. లారిన్ థామస్ అనే లోహశాస్త్రజ్ఞుడు రూపొందించిన మాగ్నాకట్ అనే ఉక్కు 2021లో వచ్చింది. తుప్పుకీ పదునుకీ మధ్య ఉన్న ఆ పేచీని చాలావరకు తీర్చింది. మంచిదే. కానీ నేను ఆదివారం పొద్దున సానరాయి తీసి అయిదు నిమిషాలు కూర్చుంటాను, అది నాకు పని కాదు, కాలక్షేపం. నెలకోసారి అరగంట నూరాల్సిన ఉక్కు కంటే, వారానికోసారి నాలుగు రుద్దులకి లొంగే ఉక్కు నాకు హాయి. నూరడం విసుగనుకునేవాళ్ళు దీనికి సరిగ్గా తిరగేసి ఎంచుకోవాలి.

ఇప్పుడు ఆ నల్ల చాకు పేరు ఎందుకు చెప్పలేదంటే... ఇదిగో, నా చూపుడు వేలు. ఈ తెల్ల గీత కనిపిస్తోందా? అది దీని పనే. సగం నా పని కూడా.

ఇది లైనర్ లాక్. దగ్గరగా చూపిస్తాను. పిడి లోపల ఒక పల్చటి ఉక్కు రేకు ఉంది. బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే ఆ రేకు స్ప్రింగులా పక్కకి జరిగి బ్లేడు మడమ, అంటే పిడిలో ఉండే దాని మొదలు, వెనక నిలబడుతుంది. బ్లేడు మూసుకోవాలంటే రేకుని పక్కకి నెట్టాలి. ఎంత బాగుంది! అయితే ఆ రేకు అంచు బ్లేడు మడమ వెనక ఎంతమేర నిలబడిందన్నదే అంతా. ఆరోజు ఒక ప్లాస్టిక్ మూతకి రంధ్రం పెడుతున్నాను. మొన గుచ్చి, అటూ ఇటూ తిప్పుతున్నాను. లాక్ ఉందిగా అని ధీమా. రేకు జారింది, బ్లేడు వేలి మీదికి వచ్చింది. కట్టు కట్టుకున్నాక పిడి విప్పి చూస్తే, రేకు కదిలే సందులో జేబులోని నూగు గడ్డకట్టి ఉంది. రేకు వెంట్రుకవాసి మేర మాత్రమే పట్టుకుని ఉంది. శుభ్రం చేసి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు.

ఇక్కడ చాలామంది 'అయితే ఇంకా గట్టి లాక్ తీసుకోవాలి' అంటారు. నాకు మాత్రం ఉల్టా అనిపించింది. అసలు లాకే లేని చాకులు ఉన్నాయి, స్లిప్‌జాయింట్ అంటారు. వీపు స్ప్రింగు ఒత్తిడి మీదే బ్లేడు నిలబడుతుంది. అవి వాడిన ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా వేలు కోసుకోలేదు. ఎందుకంటే అది మూసుకుంటుందని చెయ్యికి తెలుసు. వీపు మీద బలం పడే పని చెయ్యదు. మొనతో గుచ్చి మెలిపెట్టదు. గట్టి ప్లాస్టిక్, తడి తాడు లాంటివి రోజూ కోసేవాళ్ళకి లాక్ కావాలి, అందులో వాదన లేదు. నా పనులకి లాక్ ఉండటం నన్ను బద్ధకస్తుణ్ణి చేసింది.

ఎడమచేతి వాటం వాళ్ళకి ఇంకో ముక్క. లైనర్ లాక్‌లో ఆ రేకుని నెట్టాల్సింది కుడి బొటనవేలు. నాకు బొటనవేలు అవతలి పక్కన ఉంటుంది, చూపుడు వేలు వంచి నానా తంటాలు పడాలి. అదే స్పైడర్కో డెలికా చూడండి. బ్లేడుకి గుండ్రటి రంధ్రం, రెండు వైపుల నుంచీ అందుతుంది. లాక్ వీపు మీద ఉంటుంది, దానికి కుడీ ఎడమా లేవు. ఈ రంధ్రం స్పైడర్కో 1981 నుంచి వాడుతోంది. చూడ్డానికి మూపురం వచ్చినట్టు ఉంటుందని మా ఇంట్లో వెక్కిరిస్తారు. ఒంటిచేత్తో పని ఉన్న రోజు, నిచ్చెన ఎక్కే రోజు, ఇదే తీసుకెళ్తాను. అలాంటి రోజులు తక్కువ, అందుకే ఇవాళ టేబుల్ మీద ఉంది.

ఓపినెల్ సంగతి మధ్యలో ఆగింది. అంత బాగా కోసేదాన్ని ఎందుకు వదిలానంటే, పిడి గుండ్రంగా లావుగా ఉండి జేబులో గుచ్చుకుంటుంది. చెక్క పిడి తడిస్తే ఉబ్బి బ్లేడుని పట్టేస్తుంది. దానికి సవోయ్ వాళ్ళ చిట్కా ఒకటుంది: పిడి మెడ దగ్గర తిప్పే రింగు లాక్ తీసి, పిడి వెనక కొసని బల్లకేసి కొడితే... ఇలా... బ్లేడు కాస్త బయటికి వస్తుంది, గోరు పెట్టి లాగొచ్చు. ఆ రింగు 1955లో వచ్చింది. అంతకుముందు దీనికీ లాక్ లేదు. ఇంట్లో బల్ల మీద దీనికే మొదటి చోటు ఇస్తాను.

చట్టం గురించి ఒక్క మాట. చోటుని బట్టి మారుతుంది, ఎక్కడికక్కడ కనుక్కోండి. బ్రిటన్‌లోనైతే కారణం చెప్పకుండా వెంట ఉంచుకోదగ్గది లాక్ లేని మడత చాకే, వాదర 3 అంగుళాలు దాటకూడదు. విమానం ఎక్కేటప్పుడు చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. జేబులో మర్చిపోయి వెళ్తే తనిఖీ దగ్గర వదులుకోవాల్సి రావచ్చు.

సరే, ఇప్పుడు జేబులోంచి తీస్తున్నా. ఇదిగో. విక్టోరినాక్స్ కెడెట్, అల్యూమినియం పిడిది. మూస్తే 84 మిల్లీమీటర్లు, మందం నా చిటికెన వేలంత కూడా లేదు. లాక్ లేదు, క్లిప్ లేదు. ఉక్కు మెత్తన, గట్టిదనం కొలిచే రాక్‌వెల్ లెక్కలో 56 దగ్గర. అంటే తొందరగా మొద్దుబారుతుంది, అంతకంటే తొందరగా పదునెక్కుతుంది. బ్లేడు పల్చన. గోరు పెట్టి లాగే గాడి ఒక వైపే ఉంటుంది, అదీ కుడిచేతి వాళ్ళకి వీలైన వైపు. నేను బ్లేడుని రెండు వేళ్ళతో పట్టి లాగడం అలవాటు చేసుకున్నాను. దీనిలోనే సీసా, డబ్బా మూతలు తీసేవి ఉన్నాయి, వాటి కొసల్లో చిన్నదొకటి, పెద్దదొకటి స్క్రూడ్రైవర్లున్నాయి. నా నెల చిట్టాలో స్క్రూలకి పడ్డ గీతలు తాడుకి పడ్డవాటితో సమానం. ఇంకోటి, దీన్ని నలుగురిలో తీస్తే ఎవరూ వెనక్కి జరగరు. 'ఒకసారి ఇస్తారా' అని చెయ్యి చాపుతారు.

బ్లేడు మీద ఈ మరక టేపు జిగురు, పొద్దున పార్శిల్‌ది. చుక్క నూనె వేసి తుడిస్తే పోతుంది. పిడి సందులో నూగు కూడా ఉంది, చూశారా? వీడియో ఆపేసి అదే పని చేస్తాను. మీ జేబులో ఏముందో కింద రాయండి. ఎడమచేతి వాటం వాళ్ళైతే తప్పకుండా రాయండి.