కేట్ షోపాన్ కథల్లో ఆఖరి వాక్యం

సభకు నమస్కారం.

అమెరికన్ రచయిత్రి కేట్ షోపాన్ గురించి మాట్లాడేవాళ్లు ఆవిడ కష్టాల దగ్గరే ఆగిపోతుంటారు. నేను అవి గబగబా చెప్పేస్తాను. 1850లో సెయింట్ లూయిస్‌లో పుట్టింది. ఐదేళ్లప్పుడు తండ్రి రైలు ప్రమాదంలో పోయాడు. ఆస్కార్ షోపాన్‌ను పెళ్లాడి లూసియానా వెళ్లింది. 1882లో ఆయన పోయేనాటికి ఆరుగురు పిల్లలు, బోలెడు అప్పులు. కొన్నాళ్లు భర్త వ్యాపారం తనే నడిపి పుట్టింటికి చేరింది. రచన మొదలుపెట్టేసరికి నలభైకి దగ్గర పడింది.

ఫ్రెంచ్ కథకుడు మపాసా కథలు చదివి, కొన్నిటిని అనువాదం కూడా చేసింది. ఆఖర్లో కథను తిప్పేయడం అక్కడే పట్టుబడి ఉంటుంది.

1894 నాటి 'ది స్టోరీ ఆఫ్ ఎన్ అవర్' చూడండి. రెండు మూడు పేజీలే. రైలు ప్రమాదంలో భర్త పోయాడని కబురొస్తుంది. మిసెస్ మాలర్డ్ బాగా ఏడుస్తుంది. తర్వాత గదిలో ఒంటరిగా కూర్చుంటే, ఇక తన బతుకు తనదేనన్న సంతోషం ముంచుకొస్తుంది. భర్త దుర్మార్గుడేం కాదు, ప్రేమగానే చూసుకున్నాడు. కథ పదునంతా అక్కడుంది. అంతలో ఆ భర్త నిక్షేపంలా గుమ్మంలో ప్రత్యక్షం! ఆమె ప్రాణం పోతుంది. డాక్టర్లు సంతోషం పట్టలేక పోయిందంటారు. రచయిత్రి అక్కడితో ఆపేస్తుంది. డాక్టర్ల మాట తప్పని పాఠకులకే తెలుసు.

'డెసిరేస్ బేబీ'కి పేరెక్కువ. బిడ్డలో నల్లజాతి పోలిక కనిపించిందని ఆర్మాన్ భార్యను వెళ్లిపొమ్మంటాడు. ఆ రక్తం ఆర్మాన్ తల్లిదేనని ఆఖర్లో పాత ఉత్తరం బయటపెడుతుంది. ఆ ఉత్తరం సరిగ్గా అప్పుడే దొరకడం నాకు కాస్త అతికించినట్టుంటుంది. కానీ ఈ కథ రాసిందెవరు? ఆస్కార్ వైట్ లీగ్ సభ్యుడు. నల్లవాళ్ల రాజకీయ హక్కులను ఆయుధాలతో అడ్డుకున్న సంఘమది. అలాంటాయన భార్య ఈ కథ రాసింది. అలాగని ఆవిడను పూర్తిగా వెనకేసుకు రాలేం. చాలా కథల్లో నల్లవాళ్లు నమ్మకమైన నౌకర్లుగానే మిగిలిపోతారు.

1898లో రాసిన 'ది స్టార్మ్'లో ఒక పెళ్లైన ఆడమనిషి, తుఫాను వేళ పాత ప్రియుడితో గడుపుతుంది. శిక్ష లేదు, పశ్చాత్తాపం లేదు. తుఫాను వెలిసింది, అందరూ హాయిగా ఉన్నారు అంటూ ముగిస్తుంది. అలాంటి ముగింపును ఏ పత్రికా వేయదని తెలుసేమో, ఆవిడ దాన్ని ఎవరికీ పంపలేదు. 1904లో పోయింది. ఆ కథ 1969లో అచ్చయింది.