ముఖచిత్రం ఎవరిని పిలుస్తోంది?

అందరికీ నమస్కారం.

యంగ్ అడల్ట్ నవలల ముఖచిత్రాల మీద మాట్లాడమన్నారు. రంగుల సంగతీ అక్షరాల సొగసూ తర్వాత చూద్దాం. ముందు ఈ పుస్తకాలు కొంటున్నది ఎవరో తేల్చుకోవాలి. ప్రచురణకర్తలను అడిగితే 12 నుంచి 18 ఏళ్ల పిల్లల కోసమే అంటారు. 2012లో బౌకర్ అనే సంస్థ అమెరికాలో ఆరా తీస్తే, కొనేవాళ్లలో 55 శాతం మంది పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లేనని తేలింది. వాళ్లలోనూ 30-44 ఏళ్లవాళ్లదే పెద్ద వాటా. ఇంట్లో పిల్లల కోసం కొంటున్నారేమో అనుకుంటాం. కాదు, ఎక్కువసార్లు తాము చదువుకోవడానికే కొంటున్నామని వాళ్లే చెప్పారు.

అంటే పదహారేళ్ల అమ్మాయి బొమ్మతో నలభై ఏళ్ల మనిషిని కూడా పిలవాలి. ఆ మనిషి దాన్ని నలుగురిలో మొహమాటపడకుండా పట్టుకోగలగాలి. హ్యారీ పాటర్ మొదటి నవల పిల్లల పుస్తకమే అయినా, దాన్ని ప్రచురించిన బ్లూమ్స్‌బరీ సంస్థ 1998లో పెద్దల కోసం దానికి వేరే అట్ట వేసింది. రంగుల బొమ్మ తీసేసి నలుపు తెలుపు ఫొటో పెట్టింది. లోపల కథ అదే.

పాఠకుడి కన్నా ముందు ముఖచిత్రాన్ని చూసేవాళ్లు కొందరున్నారు. ప్రచురణ సంస్థలో అమ్మకాలు చూసేవాళ్లు, పెద్ద పుస్తక దుకాణాల తరఫున ఆర్డర్లు పెట్టేవాళ్లు, గ్రంథాలయాలకు పుస్తకాలు ఎంపిక చేసేవాళ్లు. పెద్ద దుకాణం మనిషి ‘ఈ అట్టతో అయితే మాకు ఎక్కువ కాపీలు వద్దు’ అంటే, అందరూ మెచ్చుకున్న అట్ట కూడా మారిపోతుంది. రచయిత మాటకు ఇక్కడ చోటు తక్కువ. సంప్రదిస్తామని ఒప్పందంలో ఉంటుంది కానీ, ఒప్పుకుంటేనే వేస్తామని సాధారణంగా ఉండదు. డిజైనరుకు పూర్తి రాతప్రతి చేతికందని సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు అతని దగ్గర ఉండేది కథ సారాంశం, నాయిక రూపురేఖలు, ‘ఫలానా నవల నచ్చినవాళ్లకు ఇదీ నచ్చుతుంది’ అనే ఒక వాక్యం. సగం బొమ్మను ఆ చివరి వాక్యమే గీసేస్తుంది. అందుకే ‘మార్కెట్ ఇదే కోరుతోంది’ అని ఎవరన్నా నాకు అనుమానమే. కోరుతున్నది పాఠకులా, గదిలో బల్ల చుట్టూ కూర్చున్న పదిమందా?

2005లో వచ్చిన ట్విలైట్ నవల అట్టను గుర్తు చేసుకోండి. కటిక నలుపు నేపథ్యం. చాచిన పాలిపోయిన రెండు చేతులు. దోసిట్లో ఎర్రటి యాపిల్. రక్తపిశాచాల ప్రేమకథకు కోరలు లేవు, కోట లేదు, అమ్మాయి ముఖమైనా లేదు. నవల మొదట్లో బైబిల్ ఆదికాండం నుంచి తీసుకున్న వాక్యం ఉంది, తినకూడని పండు గురించి. యాపిల్ అక్కడి నుంచి వచ్చింది. వద్దన్నదాన్ని అందుకోవడం అనే ఆకర్షణ అంతా ఆ చేతుల్లోనే ఉంది. నా లెక్కలో ఈ విభాగంలో వచ్చిన గొప్ప అట్టల్లో అదొకటి.

ఆ తర్వాత నల్ల అట్ట మీద ఒకే ఒక ఎర్రటి వస్తువు ఉన్న నవలలు వరస కట్టాయి. విశేషమేమిటంటే, 1847 నాటి ఎమిలీ బ్రాంటీ నవల వుదరింగ్ హైట్స్‌కు కూడా హార్పర్‌కాలిన్స్ అనే ప్రచురణ సంస్థ అదే వేషం వేసింది. నల్ల నేపథ్యం, ఒక పువ్వు, పైగా ఇది ట్విలైట్ ప్రేమజంట బెల్లా, ఎడ్వర్డ్‌లకు ఇష్టమైన పుస్తకమంటూ ఒక ముద్ర. ఎమిలీ బ్రాంటీ ఏమనుకునేదో గానీ, పుస్తకం మాత్రం కొత్త పాఠకుల చేతుల్లోకి వెళ్లింది. దీన్ని వట్టి కాపీ అని కొట్టిపారేయలేను. ఒక నవల ముగించి, అలాంటిదే ఇంకోటి కావాలని తపించే పాఠకురాలికి ఆ నలుపే దారి చూపుతుంది. అయితే దారి చూపే గుర్తును అందరూ తగిలించుకున్నాక, ఏ పుస్తకంలో ఏముందో మళ్లీ తెలియదు. అప్పుడు ఇంకెవరో తెల్ల కాగితం మీద చేతిరాత అక్షరాలతో వస్తారు, వాళ్ల వెనక మరో గుంపు.

మధ్యలో గౌన్ల కాలం ఒకటి నడిచింది. నేల మీద పరుచుకున్న గౌను, వెనక్కి తిరిగిన అమ్మాయి, లేదా మెడ దగ్గర కత్తిరించిన ఫొటో. ముఖం చూపకపోతే పాఠకురాలు తన ముఖాన్నే ఊహించుకుంటుందని సమర్థించేవారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ ముఖం దాచడానికి వేరే కారణాలూ ఉండొచ్చని 2009లో గట్టిగా తెలిసొచ్చింది.

జస్టిన్ లార్బలెస్టియర్ రాసిన లయర్ నవలలో కథ చెప్పే మైకా నల్లజాతి అమ్మాయి, జుట్టు పొట్టి. బ్లూమ్స్‌బరీ అమెరికా విభాగం సిద్ధం చేసిన అట్ట మీద మాత్రం పొడవాటి జుట్టున్న తెల్ల అమ్మాయి. పుస్తకం మార్కెట్‌లోకి రాకముందే రచయిత్రి బహిరంగంగా అభ్యంతరం చెప్పింది. మైకా అబద్ధాలకోరు కాబట్టి అట్ట కూడా ఆ అయోమయానికి ప్రతీకేనని సంస్థ సర్దిచెప్పబోయింది. తెలివైన సమాధానమే, కానీ నవలను దెబ్బతీసే సమాధానం. ఆ అట్టను చూసిన పాఠకులు మైకా తన ఒంటి రంగు గురించి కూడా అబద్ధం చెబుతోందేమోనని అనుమానించడం మొదలుపెట్టారు. రచయిత్రి కట్టిన కథ పునాదినే అట్ట కదిలించింది. చివరికి నవల విడుదలకు ముందే అట్ట మార్చారు. కొన్ని నెలలకే, 2010 జనవరిలో, అదే సంస్థ మ్యాజిక్ అండర్ గ్లాస్ అనే మరో నవల విషయంలో అదే పని చేసి మళ్లీ మార్చుకోవలసి వచ్చింది.

నల్లజాతి ముఖాలున్న అట్టలు అమ్ముడుపోవన్న మాట ప్రచురణ రంగంలో తాను వింటూనే ఉన్నానని లార్బలెస్టియర్ అప్పుడే రాసింది. అలాంటి అట్టలే తక్కువ, వచ్చినవాటికి ప్రచారమూ తక్కువ. ఇక అమ్ముడుపోవని ఎలా తెలిసినట్టు? 2017లో ద హేట్ యు గివ్ అట్ట మీద ప్లకార్డు పట్టుకున్న నల్లజాతి అమ్మాయి బొమ్మ వచ్చింది. ఆ నవల ఎక్కువగా అమ్ముడయ్యే పుస్తకాల న్యూయార్క్ టైమ్స్ యంగ్ అడల్ట్ జాబితాలోకి మొదటి స్థానంతోనే అడుగుపెట్టింది.

ఇప్పుడు అట్టను ముందుగా చూసేది ఫోనులో, బొటనవేలి గోరంత బొమ్మగా. ఆ సైజులో సన్నని అక్షరాలు మాయమవుతాయి, ముఖాలు మచ్చలవుతాయి. అట్టంతా ఆక్రమించే లావు అక్షరాలు, రెండే రెండు గాఢమైన రంగులు పెరగడానికి ఇదొక ముఖ్య కారణం. మరోవైపు టిక్‌టాక్ వీడియోల్లో పుస్తకాన్ని కెమెరా ముందు అటూ ఇటూ తిప్పి చూపిస్తారు కాబట్టి, కాగితాల అంచులకు రంగులు, అట్ట మీద తళతళలాడే రేకు అచ్చులు కూడా పెరిగాయి.

ఒకటి మాత్రం నాకు మింగుడుపడటం లేదు. పెద్దలకు మాత్రమే తగిన శృంగార నవలలకు కూడా చదును రంగుల కార్టూన్ జంటల బొమ్మలే వేస్తున్నారు. పక్కనే ఉన్న టీనేజ్ ప్రేమకథకూ అదే రకం బొమ్మ. అట్ట చూసి పదమూడేళ్ల పిల్ల ఏది తీసుకుంటుందో ఎవరు చెప్పగలరు? ఏది ఏ అరలో పెట్టాలో తెలియాలంటే దుకాణంవాళ్లు లోపలి పేజీలు తిప్పి చూడాలి. దీనికి తప్పు డిజైనర్లదా, ఆ బొమ్మలే కావాలన్న అమ్మకాల విభాగానిదా అన్నది మీలో ఆ రెండు వైపులా పనిచేసినవాళ్లు చెబితే వినాలని ఉంది. ఇక ప్రశ్నలు అడగండి.