డచ్ పల్లెటూళ్లో ఇల్లు అద్దెకు: సంతకం పెట్టే ముందు ఏం చూడాలి

[తెర మీద: ఉత్తర బ్రబాంట్ పటం. ఐంథోవెన్, ఫెల్డ్‌హోవెన్, వాటికి పడమర, నైరుతి దిక్కుల్లో ఉన్న చిన్న ఊళ్లు]

నెదర్లాండ్స్‌లో, చిప్‌ల తయారీ యంత్రాలు చేసే ఏఎస్ఎంఎల్‌లోనో, దాని చుట్టుపక్కల కంపెనీల్లోనో ఉద్యోగం వచ్చింది. ఐంథోవెన్‌లో ఇల్లు చూడబోతే ఒక్కో ప్రకటన వెనకా పెద్ద క్యూ. అప్పుడు ఎవరో ఒకరు చెప్తారు, "కాస్త ఊరవతల చూసుకోండి, చవగ్గా వస్తుంది" అని. ఆ ఊరవతల అంటే ఏర్సెల్ మున్సిపాలిటీ అనుకుందాం: ఏర్సెల్, డౌజెల్, క్నెఖ్సెల్, స్టేన్సెల్, వెస్సెమ్, వింటెల్రే. ఊళ్లు చక్కగా ఉంటాయి. కానీ పల్లెలో అద్దె అంకె సగం కథే చెప్తుంది. మిగతా సగం గోడల్లో, పైపుల్లో, బస్సు టైమ్‌టేబుల్లో ఉంటుంది.

ముందు వెతకడం సంగతి. ఫుండా, పరారియస్ అనే ఇళ్ల ప్రకటనల సైట్లలో ఇలాంటి ఊళ్ల పేరు కొడితే కొన్నిసార్లు ఒక్క ఇల్లు కూడా కనబడదు. పల్లెల్లో ఎక్కువ మంది సొంత ఇళ్లలో ఉంటారు, అద్దెకిచ్చేవి తక్కువ. అందుకని ఊరి పేరు పెట్టి కాకుండా, ఆఫీసు చుట్టూ 15 కిలోమీటర్ల పరిధి పెట్టి అలర్ట్ పెట్టుకోండి. స్థానిక మాకెలార్లు, అంటే ఇళ్ల ఏజెంట్లు, వాళ్ల దగ్గర నేరుగా పేరు రాయించుకోండి. ఊళ్లోని సూపర్ మార్కెట్ నోటీసు బోర్డు, ఊరి ఫేస్‌బుక్ గ్రూపు కూడా పనికొస్తాయి. డచ్‌లో నాలుగు వాక్యాల పరిచయం రాసి పెట్టండి: ఎంతమంది, ఏం ఉద్యోగం, ఎప్పటినుంచి కావాలి, పెంపుడు జంతువులు ఉన్నాయా. పల్లెలో ఇంటి యజమాని చాలాసార్లు ఆ వీధిలోనే ఉంటాడు, ముందుగా చూసేది మనిషినే.

సోషల్ ఇళ్లకు, అంటే తక్కువ ఆదాయం వాళ్లకు తక్కువ అద్దెకిచ్చే ఇళ్లకు, ఈ ప్రాంతంలో వూనీజీ అనే సైట్‌లో నమోదు చేసుకోవాలి. ఈ రోజే చేసి పెట్టుకోండి, క్యూలో ఏళ్లు పడుతుంది. పైగా 2024 నుంచి మున్సిపాలిటీ కావాలనుకుంటే ఇళ్లలో సగం దాకా స్థానికులకు ముందు ఇవ్వొచ్చు. కాబట్టి దాని మీద ఆశ పెట్టుకుని సూట్‌కేసులు సర్దకండి.

[తెర మీద: మూడు ప్రకటనలు, మూడింటి మీదా పసుపు రంగు గుర్తు]

పల్లె ప్రకటనల్లో మూడు రకాలతో జాగ్రత్త. ఒకటి, హాలిడే పార్కు బంగళా. బొమ్మలో బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ చాలా పార్కుల్లో శాశ్వత నివాసం మున్సిపాలిటీ స్థల ప్లాను ప్రకారం కుదరదు. "ఇక్కడ రిజిస్ట్రేషన్ చేయించుకోవద్దు" అని, అంటే ఈ చిరునామాను మున్సిపాలిటీలో నమోదు చేయించొద్దని, ఓనరు అంటే అర్థం అదే. నిజానికి అక్కడే ఉంటున్న మనిషిని మున్సిపాలిటీ నమోదు చేసుకోవాల్సిందే. చిక్కు ఆ తర్వాత వస్తుంది: ఖాళీ చేయమని నోటీసు. రెండు, ఆంటీక్రాక్. ఖాళీ ఇంటికి కాపలాగా మిమ్మల్ని పెట్టడం ఇది, అద్దెదారుడి హక్కులు ఉండవు, 28 రోజుల నోటీసుతో బయటకు. ఒంటరి మనిషికి సరే, పిల్లలు బడికి వెళ్లే ఇంటికి కాదు. మూడు, ఫారం ఆవరణలోని ఇల్లు. అది ఆ వ్యవసాయానికి ముడిపడిన ఇల్లయితే బయటివాళ్లు ఉండడానికి అనుమతి లేకపోవచ్చు. ఏదైనా అనుమానం ఉంటే ఒమ్‌ఖేవింగ్స్‌లోకెట్ అనే ప్రభుత్వ సైట్‌లో చిరునామా కొట్టి, ఆ స్థలానికి నివాసం రాసి ఉందో లేదో చూడండి.

ఇల్లు చూడకముందే డిపాజిట్ అడిగేవాడు, "నేను విదేశంలో ఉన్నాను, తాళం కొరియర్‌లో పంపిస్తా" అనేవాడు మోసగాడే. భూముల, ఇళ్ల రిజిస్టరు అయిన కడాస్టర్‌లో కొద్ది యూరోలు కడితే ఇల్లు ఎవరి పేరున ఉందో తెలుస్తుంది.

[తెర మీద: పాయింట్ల పట్టిక]

ఇక అద్దె న్యాయమైనదేనా? నెదర్లాండ్స్‌లో ఇంటికి పాయింట్లు వేస్తారు. 2024 జులై 1 నుంచి కొత్త కాంట్రాక్టుల్లో ఇది 186 పాయింట్ల దాకా ఓనరును కట్టడి చేస్తుంది. 2025 రేట్ల ప్రకారం 143 పాయింట్ల ఇంటికి గరిష్ఠ మూల అద్దె (కరెంటు, సర్వీసు ఖర్చులు కలపని అద్దె) 900.07 యూరోలు, 186 పాయింట్లకు 1,184.82. 187 లేదా అంతకు పైన ఉంటేనే ఓనరు తనకు తోచినంత అడగొచ్చు. రేట్లు ఏటా మారతాయి.

పల్లెలో ఇది ఎందుకు ముఖ్యం అంటే, గదుల విస్తీర్ణానికి చదరపు మీటరుకు ఒక పాయింటు చొప్పున ఇల్లు పెద్దగా కనిపిస్తుంది, తోటకూ పాయింట్లు వస్తాయి. కానీ తోట ఎంత పెద్దదైనా 15 మించవు. ఎనర్జీ లేబుల్, అంటే ఇల్లు ఎంత పొదుపుగా శక్తి వాడుతుందో చెప్పే గ్రేడు, ఇ, ఎఫ్, జి అయితే పాయింట్లు కోసేస్తారు. డబ్ల్యూఓజెడ్ విలువ, అంటే పన్ను కోసం మున్సిపాలిటీ కట్టే ఇంటి విలువ, పల్లెలో నగరం కంటే తక్కువగా ఉంటే అక్కడా తగ్గుతాయి. నగరం లెక్కలో 1,400 అడిగే పాత ఇల్లు ఇలా మధ్య శ్రేణిలోకి, అంటే 144 నుంచి 186 పాయింట్ల మధ్యకు, జారిపోవచ్చు. డబ్ల్యూఓజెడ్ విలువ, ఎనర్జీ లేబుల్ రెండూ ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు, అద్దె వివాదాలు చూసే సంస్థ హ్యూర్‌కమిస్సీ సైట్‌లో లెక్క వేసుకోండి. 2025 నుంచి కొత్త కాంట్రాక్టుకు పాయింట్ల లెక్క జత చేయడం ఓనరు బాధ్యత. అడగండి. లెక్క తప్పనిపిస్తే, కాంట్రాక్టు మొదలైన 6 నెలల్లోపు హ్యూర్‌కమిస్సీకి వెళ్లండి. గడువు దాటిస్తే కొన్ని ఇళ్లకు ఆ దారి మూసుకుపోతుంది.

[తెర మీద: ఇంటి లోపల. కెమెరా మీటరు అల్మరా దగ్గర ఆగుతుంది]

ఇప్పుడు ఇల్లు చూసే రోజు. ముందు తలుపు పక్కన మీటరు అల్మరా తెరవండి. మెయిన్ ఒక ఫేజా, మూడు ఫేజులా చూడండి. వంటగదిలో గ్యాసు లేకుండా, మెయిన్ ఒకే ఫేజు ఉంటే ఇండక్షన్ పొయ్యి, ఓవెన్, వాషింగ్ మెషీన్ కలిసి నడిపినప్పుడు ఫ్యూజు ఎగరొచ్చు. పొయ్యి కింద అయిదు రంధ్రాల పెద్ద సాకెట్ ఉంటే దాన్ని పెరిలెక్స్ అంటారు, ఇండక్షన్‌కు లైను వేసి ఉందని గుర్తు.

తర్వాత పొయ్యి మీద చిమ్నీ. చేత్తో మెటల్ జాలీ తీసి చూడండి. లోపల నల్లటి కార్బన్ ఫిల్టరు ఉండి, గొట్టం గోడ బయటకు వెళ్లకపోతే అది గాలిని తిరిగి వంటగదిలోకే వదులుతుంది. తాళింపు పొగ ఇల్లంతా తిరుగుతుంది, సాంబారు ఆవిరి చల్లటి గోడకు పట్టుకుని బూజు అవుతుంది. బయటి గోడకు ఆనించిన అల్మరా ఉంటే దాని వెనక మూల చూడండి, చేత్తో తాకండి. చెమ్మగా, నల్ల చుక్కలతో ఉంటే పైకి కొత్త పెయింటు వేసినా వచ్చే చలికాలం మళ్లీ వస్తుంది. కిటికీల పైన గాలి జాలీలు ఉన్నాయా, పైఅంతస్తు గదుల్లో రేడియేటర్లు ఉన్నాయా? పాత ఇళ్లలో కొన్ని పడకగదులకు హీటింగే ఉండదు. గ్యాసు బాయిలర్ మీది ప్రెషర్ ముల్లు ఒకటి, రెండు బార్‌ల మధ్య ఉండాలి.

ఊరి నడిబొడ్డు దాటి పొలాల మధ్య ఉన్న ఇల్లయితే ఇంకో ప్రశ్న తప్పదు: మురుగు ఎక్కడికి పోతుంది? కొన్నింటికి సెప్టిక్ ట్యాంకు ఉంటుంది, దాన్ని ఖాళీ చేయించడం చట్టం ప్రకారం సాధారణంగా అద్దెదారుడి ఖర్చు. ఇంకొన్ని చోట్ల ప్రెషర్ మురుగు లైను ఉంటుంది, ఇంటి పక్కన చిన్న పెట్టె, లోపల పంపు. వెట్ వైప్స్, వేపుడు నూనె సింకులో పోస్తే పంపు బిగుసుకుపోతుంది, పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతుంది. దీపం కనబడగానే మున్సిపాలిటీకి ఫోన్ చేయండి. బజ్జీల నూనె మాత్రం సీసాలో పోసి విడిగా ఇవ్వాల్సిందే. హీటింగ్ ప్రొపేన్ ట్యాంకుతో అయితే ట్యాంకు ఎవరిది, గ్యాసు ఏ కంపెనీ నుంచి కొనాలి అని రాతలో తీసుకోండి.

ఖాళీ ఇల్లు అంటే నిజంగానే ఖాళీ: ఫ్లోరింగ్, కర్టెన్లు, బల్బులు కూడా ఉండకపోవచ్చు. 60 చదరపు మీటర్లకు లామినేట్ వేయాలంటే 66 చదరపు మీటర్లు కొనాలి, కోతలకు పది శాతం వృథా. పాత అద్దెదారుడు తన ఫ్లోరింగ్ అమ్ముతానంటే, ధర నచ్చితేనే కొనండి. తప్పనిసరి కాదు.

[తెర మీద: బ్యూర్ట్‌బస్, అందులో 8 సీట్లు]

బస్సు. చిన్న ఊళ్లకు తరచుగా బ్యూర్ట్‌బస్ ఒక్కటే దిక్కు: వాలంటీర్లు నడిపే 8 సీట్ల వ్యాను, నిలబడి వెళ్లడం కుదరదు. చాలా లైన్లు సాయంత్రాలు, ఆదివారాలు తిరగవు. బస్సు, రైలు దారులు చూపించే 9292 యాప్‌లో మంగళవారం పొద్దున 8 గంటలకు, శనివారం రాత్రి 9కి, రెండు ప్రయాణాలూ వెతికి చూడండి. రెండోది ఖాళీగా వస్తే కారో, ఎలక్ట్రిక్ సైకిలో అద్దెకు కలిపి లెక్కేసుకోండి. ఇండియా లైసెన్సు మున్సిపాలిటీలో నమోదైన రోజు నుంచి 185 రోజులే చెల్లుతుంది. 30 శాతం రూలింగ్, అంటే విదేశాల నుంచి వచ్చే ఉద్యోగులకిచ్చే పన్ను రాయితీ, ఉన్నవాళ్లు పరీక్ష లేకుండానే డచ్ లైసెన్సుకు మార్చుకోవచ్చు.

ఇల్లు ఎప్పుడు చూస్తున్నారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఫిబ్రవరి మధ్య నుంచి పొలాలకు పశువుల ఎరువు చల్లుతారు. జనవరిలో చూసిన ఇంటికి మార్చిలో వేరే వాసన ఉంటుంది. వింటెల్రే అయితే ఐంథోవెన్ విమానాశ్రయం పక్కనే, విమానాల చప్పుడు వినడానికి కాసేపు తోటలో నిలబడండి.

[తెర మీద: కాంట్రాక్టు, వేలు ఒక్కో క్లాజు మీద]

కాంట్రాక్టు. 2024 జులై 1 నుంచి గడువు లేని కాంట్రాక్టే మామూలు పద్ధతి, గడువుతో ఇవ్వాలంటే చట్టంలో చెప్పిన మినహాయింపు ఉండాలి. అయితే "కనీసం 12 నెలలు" అనే షరతు అందులో ఉండొచ్చు, అది మిమ్మల్ని కట్టేస్తుంది. ఉద్యోగం మారే అవకాశం ఉంటే ముందే ఆ షరతు తీయించండి. మామూలుగా మీ నోటీసు ఒక నెల.

డిపాజిట్ మూల అద్దెకు రెండు నెలలు మించకూడదు. అద్దె 1,100 అయితే డిపాజిట్ 2,200, మొదటి నెలతో కలిపి 3,300 చేతిలో ఉండాలి. జీతం అద్దెకు మూడు, నాలుగు రెట్లు ఉండాలని చాలామంది అడుగుతారు: మూడు జీతం స్లిప్పులు, కంపెనీ లేఖ సిద్ధం చేసుకోండి. పాస్‌పోర్టు కాపీ ఇచ్చేటప్పుడు ప్రభుత్వ కోపీఐడీ యాప్‌తో బీఎస్ఎన్, అంటే డచ్ ప్రభుత్వం ఇచ్చే వ్యక్తిగత గుర్తింపు నంబరు, చెరిపి ఇవ్వండి.

తాళం అందుకున్న రోజు కరెంటు, గ్యాసు, నీటి మీటర్లను తేదీతో ఫోటో తీయండి. గోడల గీతలు, పగిలిన టైల్స్ అన్నీ రాసి ఓనరుతో సంతకం పెట్టించుకోండి. అయిదు రోజుల్లోపు కొత్త చిరునామా మున్సిపాలిటీకి తెలియజేయండి. ఖాళీ చేశాక డిపాజిట్ 14 రోజుల్లో రావాలి, మరమ్మతుల కోత ఏదైనా ఉంటే 30 రోజుల్లో లెక్కతో సహా. కోత మీద గొడవ వస్తే మీ చేతిలో ఉండేది ఆ మొదటి రోజు సంతకం కాగితమే, కాబట్టి దాని ఫోటో ఈమెయిల్‌లో ఓనరుకు కూడా పంపి పెట్టండి.